వద్దు మేస్త్రి సరేనన్న పని

కార్లున్న వాళ్లందరికీ అతను ‘వద్దు మేస్త్రి’. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఆ పేరు ఊరికే రాలేదు, ఇరవై రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్నాడు.

“మేస్త్రీ, సీట్ల కింద నీలం లైట్లు పెట్టిద్దామా?”

“వద్దు.”

“సైలెన్సరు మారిస్తే సౌండు అదిరిపోతుందట?”

“వద్దు. నీకు అదురుతుంది, పక్కింటాయనకి గుండె అదురుతుంది.”

“టైర్లు వెడల్పువి వేయించమంటున్నారు మా వాళ్లు.”

“మీ వాళ్లనే వచ్చి తోయమను. వద్దు.”

ఇలా వచ్చిన బేరాన్ని గుమ్మంలోంచే సాగనంపే మెకానిక్కు ఎక్కడైనా బాగుపడతాడా? చిత్రమేమిటంటే ఇతను బాగానే బతికాడు. బ్యాటరీల కొట్టుకీ కాగితాల గోడౌనుకీ మధ్య ఇరుక్కున్న సన్నటి షెడ్డు అతనిది. బండి కిందికి దిగి పనిచేయడానికి ఒకే ఒక్క గుంత, దాని పక్కన రేకు బల్ల, గోడకి పానాలు తగిలించే చెక్క. ఏ పానా ఎక్కడుండాలో ఆ చెక్క మీద ఎర్రరంగుతో గీత గీసి ఉంటుంది. ఒక్క పానా తక్కువైనా ఆ రోజు షెడ్డులో మాటలుండవు, వెతుకులాటే. వద్దన్నవాళ్లే మళ్లీ వచ్చేవాళ్లు. ఈ మనిషి వద్దంటే వద్దనీ, చేయించుకోమంటే కళ్లు మూసుకుని చేయించుకోవచ్చనీ వాళ్లకి తెలుసు. ఆ నమ్మకమే అతని ఆస్తి.

అతని పనితనమంతా చెవుల్లో ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజిను మీద పెట్టి, చెక్కపిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. “మూడో వాల్వు బద్ధకంగా ఉంది” అనేవాడు. విప్పి చూస్తే మూడోదే.

అలాంటి మనిషిని థ్రాటిల్ బాడీ దెబ్బ కొట్టింది. అదేమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇంజిను గాలి పీల్చే గొట్టం మొదట్లో గుండ్రటి పళ్లెం లాంటి తలుపు ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆ తలుపు, దాని చట్రం, అంతా కలిపి థ్రాటిల్ బాడీ. కంపెనీవాళ్లు పెట్టినదాన్ని తీసేసి ఇంకా వెడల్పైనది పెడితే బండి గుర్రంలా పరిగెడుతుందని ఆ రోజుల్లో కుర్రకారు చెవిలో ఎవరో ఊదారు. ఇక వచ్చినవాడల్లా అదే ప్రశ్న. “మేస్త్రీ, పెట్టిస్తే ఫలితం ఉంటుందా, ఉండదా?”

ఈసారి అతను వెంటనే వద్దనలేదు. తెలియని దాన్ని వద్దనడం కూడా అబద్ధమే అతని లెక్కలో. “చూసి చెబుతాను” అన్నాడు.

చూడటం అంటే అతని పద్ధతి అతనికుంది. షెడ్డుకి కాస్త దూరంలో ఫ్లైఓవరు ఉంది. పొద్దున్నే ఆరింటికి దాని మీద బండ్లుండవు. ఎక్కేచోట రెండో దీపస్తంభం నుంచి పదకొండో స్తంభం దాకా, రెండో గేరులో, కాలు పూర్తిగా తొక్కిపెట్టి ఎక్కాలి. పని చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి. రెండిటికీ పట్టిన సమయం చూడాలి. అయితే స్టీరింగు పట్టుకున్నవాడు గడియారం నొక్కలేడు. దానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషి వేలు నిలకడగా ఉండాలి.

ఆ వేలు ఎవరిదనుకున్నారు? స్వయానా బావగారిది!

అక్కని చేసుకున్న మనిషి. అంతకుముందు అతనికి బడిలో డ్రిల్లు మాస్టారు. తన మాస్టారే తన ఇంటి అల్లుడవడంతో, మిగతా బావమరుదుల్లా “ఏం బావా” అని భుజం మీద చెయ్యి వేసే అదృష్టం మేస్త్రికి లేకపోయింది. బావగారూ అనాలి, మీరు అనాలి, ఎదురొస్తే చొక్కా గుండీ పెట్టుకోవాలి. ముప్పై మూడేళ్లు పరుగు పందేలకి గడియారం పట్టిన మనిషాయన. నల్లతాడుతో మెడలో స్టాప్‌వాచీ వేలాడుతుండేది. జిల్లా పోటీల్లో సైతం ఎవరి గడియారం తేడా చూపించినా “మాస్టారి వాచీలో ఎంత?” అని అడిగేవాళ్లు. రిటైరైన రోజు బడివాళ్లు శాలువా కప్పి, వాచీని కూడా ఆయనకే ఇచ్చేశారు.

“బావగారూ, మీ వాచీతో చిన్న పని పడింది” అని మేస్త్రి అడిగినప్పుడు ఆయన మొహం చూడాలి! మర్నాడు ఐదున్నరకే తెల్ల బూట్లు తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

మొదట మేస్త్రి తన సొంత కారునే పరీక్షకి పెట్టాడు. పాత తలుపుతో ఎక్కితే పన్నెండు పాయింట్ ఒకటి. కొత్తది బిగించి ఎక్కాడు. కాలు ఆనించగానే బండి చలాకీగా ముందుకి ఉరికింది, అది నిజమే. కానీ సగం ఎక్కాక అతని చెవికి ఏ తేడా తెలియలేదు. అదే ఇంజిను, అదే ఆయాసం. పదకొండో స్తంభం దాటగానే పక్కసీట్లోంచి బావగారు అరిచాడు. “పది పాయింట్ తొమ్మిది! సెకను పైనే లాగేశావోయ్!”

మేస్త్రి తెల్లబోయాడు. కాలు అవునంటోంది, చెవి కాదంటోంది, వాచీ ముమ్మాటికీ అవునంటోంది. చెవులకి వయసొచ్చిందేమో అనుకున్నాడు. నవ్వకండి, నిజంగానే చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాడు. ఆయన లోపలికి లైటు వేసి చూసి భేషుగ్గా ఉన్నాయన్నాడు. డాక్టరుకి చెవులు తెలుసు గానీ ఇంజిన్లు తెలియవు కదా అని సర్దిచెప్పుకున్నాడు మేస్త్రి. ఇంకెవరి వాచీ అయినా అనుమానించేవాడే. మాస్టారి వాచీని ఎలా అనుమానిస్తాడు?

ఆ రోజు నుంచి వద్దు మేస్త్రి ఒక్క పనికి మాత్రం సరేననడం మొదలుపెట్టాడు. “చేయించుకోండి. పనికొస్తుంది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, సెకను తగ్గుతోంది.” ప్రతి బండినీ ఫ్లైఓవరు ఎక్కించేవాడు. బావగారు చెప్పిన అంకెని షెడ్డులో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాడు. రెండేళ్లలో ముప్పై ఏడు బండ్లు. అన్నిటికీ ముప్పాతిక సెకను నుంచి సెకనున్నర దాకా తగ్గింది. బావగారు వారానికి రెండు మూడు రోజులు వచ్చేవాడు, తర్వాత పరీక్ష ఉన్నా లేకపోయినా వచ్చేవాడు. వచ్చినవాళ్లకి ఆ నల్లబల్ల చూపించి పాఠం చెప్పేవాడు.

ఆ ముప్పై ఏడింటిలో ఒకటి డ్రైవింగు నేర్పే టీచరమ్మది. రోజంతా పక్కసీట్లో కూర్చుని ఊళ్లోవాళ్ల చేత గేర్లు వేయించే ఆవిడకి బండే బువ్వ పెట్టేది. నలుగురెక్కితే తన చిన్న కారు ఫ్లైఓవరు మీద మూలుగుతోందని వచ్చింది.

“అన్నా, తిప్పి తిప్పి చెప్పకు. ఒక్క మాట చెప్పు. ఫలితం ఉంటుందా?”

“ఉంటుందమ్మా.”

“నువ్వు ఉంటుందంటే చాలు” అని తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. “అన్నా, బండి ఉలిక్కిపడుతోంది. నేర్చుకునేవాళ్లు కాలు ఆనించీ ఆనించకముందే దూకుతోంది. ఒకావిడైతే మొన్న ప్రహరీ గోడకి కొట్టేసింది.”

మేస్త్రి తనే నడిపి చూశాడు. అతనిది ఇరవై ఏళ్లు బండ్లు నడిపిన కాలు, దానికేం తెలుస్తుంది? “బండికేం లేదమ్మా. ఆవిడ కాలు బరువు. కొందరికి అంతే, రాదు.”

“అంతేనంటావా?”

“అంతే” అన్నాడు. వాచీ అంత గట్టిగా చెప్పాక బండిలో తప్పెలా ఉంటుంది?

సరే, ముప్పై ఎనిమిదో బండి దగ్గరికొద్దాం. బ్యాంకులో పనిచేసే ఒకాయన కారు. పొద్దున్నే పాత తలుపుతో ఎక్కితే పదకొండు పాయింట్ ఆరు. షెడ్డుకి తిరిగొచ్చాక బావగారు మామూలుగానే టీకొట్టుకి పేపరు చదవడానికి వెళ్లాడు. మేస్త్రి పాతది విప్పి కొత్తది పెట్టబోతే బోల్టు కన్నాలు కలవలేదు. వేరే మోడలుది పంపించారు దరిద్రులు! తిట్టుకుంటూ పాతదాన్నే మళ్లీ బిగించేశాడు. ఇంజిను స్టార్టు చేసి సరిగ్గా ఉందో లేదో చూస్తుండగా బావగారు వచ్చి సీట్లో కూర్చున్నాడు.

“పద పద, ట్రాఫిక్కు మొదలైపోతుంది.”

“బావగారూ, ఇవాళ...”

“పేపర్లో చూశావా, రన్నింగ్ ట్రాకు తవ్వి కార్ల పార్కింగు కడతారట! బుద్ధుందా వీళ్లకి?”

ఇక ఆయన ఆగలేదు. ట్రాకు గురించి ఆయన బాధ ఆయనది. మధ్యలో మాట అడ్డేయడం మేస్త్రికి బడి రోజుల నుంచీ అలవాటు లేదు. పోనీలే, బండిని ఒకసారి తిప్పి వచ్చినట్టుంటుంది, దిగాక చెబుదాం అనుకుని ఫ్లైఓవరు ఎక్కించాడు. రెండో స్తంభం దగ్గర వాచీ ‘టిక్’మంది. పదకొండో స్తంభం దగ్గర మళ్లీ ‘టిక్’మంది.

“పది పాయింట్ నాలుగు! చూశావా, సెకను పైన రెండు!”

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక వద్దనిపించింది. బండి తిప్పుకుని మళ్లీ కిందికి తీసుకొచ్చాడు.

“ఇంకోసారి చూద్దాం బావగారూ.”

“మళ్లీ ఎందుకోయ్?” అన్నాడు గానీ నొక్కాడు. “పది పాయింట్ మూడు.”

మూడోసారి పదిన్నర. వంతెన దిగాక మేస్త్రి బండిని పక్కకి ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. “ఒకసారి ఇలా రండి” అన్నాడు. లోపల మసిపట్టిన పాత థ్రాటిల్ బాడీ ఉంది. కంపెనీవాడి పసుపు చుక్క దాని మీద అలాగే ఉంది.

“ఏవిటిది?” అన్నాడు బావగారు.

“పాతదే. కొత్తది పట్టలేదు. పొద్దున ఏదుందో ఇప్పుడూ అదే ఉంది.”

బావగారి చెయ్యి మెడలోని వాచీ మీదికి వెళ్లింది. “ఇంజిను వేడెక్కింది కదా... గాలివాటం కూడా...”

“బావగారూ.”

అంతే. ఆ ఒక్క పిలుపుతో ఆయన చెయ్యి వాచీని వదిలేసింది. పక్కనుంచి ఒక సిటీబస్సు హారను కొట్టుకుంటూ పోయింది. బస్సు పోయాక ఆయనే చెప్పేశాడు.

“మొదటిసారి నీ బండికి రెండుసార్లూ పన్నెండు పాయింట్ ఒకటే వచ్చిందోయ్. నీ మొహం చూశాను. అంత ఆశగా చూస్తున్నావు. ఒక్క సెకను తీసేసి చెబితే ఏం పోయిందిలే అనిపించింది.”

“మొదటిసారి సరే. తర్వాత ముప్పై ఏడుసార్లు?”

“తేడా లేదని చెబితే నువ్వు ఈ పనే మానేసేవాడివి. నువ్వు మానేస్తే నా వాచీతో ఎవరికి పని?”

“పని లేకపోతే ఊరికే వచ్చి కూర్చోమనేవాణ్ని కదండీ! మిమ్మల్ని ఎవరు పొమ్మంటారు?”

“ఊరికే కూర్చోవడం ఎవడిక్కావాలి? ఇంట్లో ఊరికేగా కూర్చుంటున్నాను!” అని అరిచాడు బావగారు. అరిచినందుకు ఆయనకే సిగ్గేసి తల దించుకున్నాడు.

మేస్త్రికి ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా వచ్చింది. పరాయివాడు మోసం చేసి ఉంటే కాలరు పట్టుకునేవాడు, నాలుగు తిట్టేవాడు, మర్చిపోయేవాడు. ఈయన్ని ఏం చేయగలడు? చిన్నప్పుడు పందెంలో సెకనులో పదోవంతు తేడాతో ఓడిపోయి తను ఏడిస్తే, వాచీ ఎవరి మొహమూ చూడదురా అని చెప్పింది ఈయనే. ఆ మాట నమ్మి తన చెవులనే తప్పుపట్టుకున్నాడు. ముప్పై ఏడు మందికి తన నోటితో అబద్ధం చెప్పించాడు ఈ పెద్దమనిషి.

“వాచీ ఎవరి మొహమూ చూడదన్నారే!” అన్నాడు. బావగారు వెళ్లి సీట్లో కూర్చున్నాడు. మేస్త్రి ఆయన్ని ఇంటి దగ్గర దింపాడు.

సాయంత్రం అక్క షెడ్డుకి వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ షెడ్డు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

“ఏరా, ఒక్క సెకను కోసం ఇంత రాద్ధాంతమా? పెద్దాయన పొద్దున్నుంచీ గది తలుపు వేసుకుని కూర్చున్నారు.”

“ఒక్క సెకను కాదక్కా. ముప్పై ఏడు మందికి నేను అబద్ధం చెప్పాను. ఆయన చేసింది నీకు తెలియదు.”

అక్క చీరకొంగు సర్దుకుంది, గోడకున్న పానాల వైపు చూసింది. “తెలుసురా. మొదటి రోజే చెప్పారు. రిటైరయ్యాక ఆయన నవ్వుతూ ఇంటికి రావడం అదే మొదటిసారి. నేనే ఊరుకోమన్నాను.”

మేస్త్రి గుడ్డ అందుకున్నాడు. ఆవిడ వెళ్లేదాకా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని. ఇద్దరూ కలిసి, రెండేళ్లు, తన వెనక. అక్కకి కూడా అతని మాటంటే అంత చులకనన్నమాట.

మర్నాడు తడిగుడ్డ పెట్టి నల్లబల్ల తుడిచేశాడు. తర్వాత ఒక్కొక్కళ్లనే పిలిచి చెప్పడం మొదలుపెట్టాడు. “తప్పు చెప్పాను. దానివల్ల ఉపయోగం లేదు. తలుపు వెడల్పైతే కాలు ఆనించగానే గాలి ఎక్కువ దూరుతుంది, అందుకని మొదట్లో ఉరికినట్టుంటుంది. పూర్తిగా తొక్కాక ఇంజిను ఎంత మింగగలదో అంతే మింగుతుంది. పాతది శుభ్రం చేసి పెట్టుకుంటే చాలు. రండి, ఊరికే మార్చిపెడతాను.”

ఎవరైనా వచ్చారా? ఒక్కడూ రాలేదు! “పోవయ్యా, నా బండి స్పీడు నాకు తెలియదా” అని ఒకడు నవ్వాడు. “ఎవరో నీ మనసు విరిచేశారు మేస్త్రీ” అని ఇంకొకడు జాలిపడ్డాడు. వాళ్లు అతని తప్పుని కూడా తిరిగి తీసుకోనివ్వలేదు.

టీచరమ్మ ఒక్కతే నవ్వలేదు. విని, తాళాలు అతని ముందు పెట్టింది. “మార్చెయ్యి. దూకుతోందని అప్పుడే చెప్పాను నీకు.”

“చెప్పావమ్మా. వినలేదు. ఆ గోడకి కొట్టినావిడ...”

“మానేసింది. నేనే మాన్పించాను. ఆవిడ కాలు బరువని నువ్వన్నావు, ఆ మాటే ఆవిడకి చెప్పాను. మెయిన్ రోడ్డు వెనక బట్టలు కుడుతుంది. నువ్వే వెళ్లి చెప్పుకో.”

వెళ్లాడు. పది అడుగుల గది, తలుపుకి కొక్కేలు, కొక్కేలకి గుండీలు కుట్టని స్కూలు చొక్కాలు. గోడవారగా యూనిఫారాల మూటలు. కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను ముందు యాభై దాటిన మనిషి కూర్చుని ఉంది. కాలరు కుడుతోంది. మేస్త్రి గుమ్మంలోనే ఆగి ఆవిడ పాదం వైపు చూశాడు. కాలరు వంపు దగ్గర పాదం నెమ్మదించింది. ఒక్కో కుట్టు, ఒక్కో కుట్టు, మూల రాగానే సూది గుడ్డలో దిగి ఆగింది. వెంట్రుకవాసి ముందుకి పోలేదు. ఇరవై రెండేళ్లలో ఎందరి కాళ్లో చూశాడు, అంత మెత్తని కాలు చూడలేదు. అతని ప్రాణం ఉసూరుమంది.

తనెవరో చెప్పుకుని, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆవిడ కత్తెర పక్కన పెట్టి విన్నది.

“అయితే నా కాలు మంచిదేనా?”

“మీది మంచిదేనమ్మా. తప్పు నాది.”

“నాకూ అప్పుడు అలాగే అనిపించిందండీ. ముప్పై ఏళ్లుగా తొక్కుతున్న కాలు, దీనికి బరువేమిటి అనుకున్నాను. కానీ వద్దు మేస్త్రి అన్నాడని టీచరమ్మ చెప్పింది. మీరు ఊరికే ఏ మాటా అనరని అందరూ చెబుతారు కదా. ఇక నా కాలినే అనుమానించాను.”

మేస్త్రి గుమ్మం దాటి లోపలికొచ్చాడు. “బండి బాగుచేసేశానమ్మా. రేపట్నుంచి రండి. ఈ మూటలు మీరే వేసుకుని స్కూళ్లకి తీసుకెళ్లొచ్చు. కావాలంటే పక్కన నేను కూర్చుంటాను.”

“రాలేనండీ” అన్నదావిడ. కోపంగా అనలేదు. “బండి సంగతి అలా ఉంచండి. గోడకి కొట్టినప్పట్నుంచి ఈ మిషను తొక్కుతున్నా భయమే. సూది వేలి మీదికొస్తుందేమోనని ఆగి ఆగి కుడుతున్నాను. రోజుకి పది చొక్కాలయ్యేవి, ఇప్పుడు ఆరు కావడం లేదు.”

కాలరు మూల దగ్గర అంత నెమ్మదిగా ఎందుకు కుట్టిందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఆవిడ చొక్కాని మళ్లీ సూది కిందికి జరిపి, పెడల్ మీద పాదం పెట్టి, తొక్కకుండా దాని వైపే చూస్తూ కూర్చుంది.